హైదరాబాద్ – దుబాయ్: దూరం ఎంత? పోయే టైమ్, వచ్చే టైమ్ ఎందుకు వేరు?

కొత్తప్రయాణం:
నాన్నగారికి టికెట్ తీశాం. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి బయల్దేరి దుబాయ్‌లో మధ్యాహ్నం 12:35కి దిగుతుందని ఉంది. తిరుగు టికెట్‌లో దుబాయ్ రాత్రి 10:00, హైదరాబాద్ 2:55. అంటే పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలా? దూరం ఒకటే కదా! ఆ దూరం కూడా ఒకచోట 2,546, ఒకచోట 1,582, ఇంకోచోట 1,375 అని కనబడుతోంది. ఏది నమ్మాలి? ఆయన జగిత్యాల నుంచి ఒక్కరే బయల్దేరతారు. ఎయిర్‌పోర్టుకు ఎన్నింటికి చేరాలో కూడా ఎవరైనా చెప్పండి.

ఎగువగాలి:
ముందు టైమ్ సంగతి. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. మనది గ్రీన్విచ్‌కు ఐదున్నర గంటలు ముందు, వాళ్లది నాలుగు గంటలు ముందు. వేసవిలో గడియారం జరిపే పద్ధతి రెండు చోట్లా లేదు కాబట్టి ఏడాది పొడుగునా ఈ గంటన్నరలో మార్పుండదు.

పోయేటప్పుడు: దుబాయ్‌లో 12:35 అంటే మన టైమ్‌లో 2:05. పదింటికి బయల్దేరింది కాబట్టి ప్రయాణం 4 గంటల 5 నిమిషాలు.
వచ్చేటప్పుడు: దుబాయ్‌లో రాత్రి పది అంటే మనకు 11:30. తెల్లవారుజామున 2:55కి దిగితే 3 గంటల 25 నిమిషాలు.

పడమటికి పోయేటప్పుడు టికెట్‌లో కనబడే తేడాకు గంటన్నర కలపాలి, తూర్పుకు వచ్చేటప్పుడు తీసేయాలి. అలా చేశాక కూడా పోవడానికీ రావడానికీ 40 నిమిషాల తేడా మిగిలింది చూడండి, అసలు విషయం అక్కడుంది. అది గాలి పని. దూరం లెక్క లెక్కలబడి గారు చెప్తే బాగుంటుంది.

లెక్కలబడి:
మూడు అంకెలూ సరైనవే. 2,546 కిలోమీటర్లు, 1,582 మామూలు మైళ్లు, 1,375 నాటికల్ మైళ్లు. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. పైలట్లు, ఏటీసీ (నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కేంద్రం) వాడేది నాటికల్ మైలే. దూరం చెప్పే సైట్లు చాలావాటిలో మూడూ పక్కపక్కనే ఉంటాయి, చూసేవాళ్లు ఒకదాన్ని ఇంకోటి అనుకుంటారు.

లెక్క చేతితో చేసుకోవాలంటే ఇలా. శంషాబాద్ విమానాశ్రయం 17.2403° ఉత్తరం, 78.4294° తూర్పు. దుబాయ్ 25.2532° ఉత్తరం, 55.3657° తూర్పు. రేఖాంశాల తేడా 23.0637°.

మొదట రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2964 × 0.4266 = 0.1264.
తర్వాత రెండు అక్షాంశాల కాస్‌లనూ, రేఖాంశాల తేడా కాస్‌నూ గుణించండి: 0.9551 × 0.9044 × 0.9201 = 0.7948.
రెండూ కలిపితే 0.9212. ఏ కోణానికి కాస్ ఇంత వస్తుందో చూస్తే 22.9°.
భూమి మీద ఒక డిగ్రీ చాపం దాదాపు 60 నాటికల్ మైళ్లు, కిలోమీటర్లలో 111.19. గుణిస్తే 2,546.

ఇది భూమిని గుండ్రటి బంతిగా అనుకుని చేసిన లెక్క. ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుండే అసలు ఆకారానికి చేస్తే ఒకటి రెండు కిలోమీటర్లు పెరుగుతుంది. అందుకే ఒక్కో సైట్‌లో 2,546, 2,548 అని వేరువేరుగా ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవాల్సిన తప్పులు రెండున్నాయి. ఒకటి, 17 డిగ్రీల 14 నిమిషాలను 17.14 అని వేసేయడం. నిమిషాలను 60తో భాగించాలి, అప్పుడు 17.23 వస్తుంది. ఆ ఒక్క పొరపాటుకే శంషాబాద్ పది కి.మీ. పైన దక్షిణానికి జరిగిపోతుంది. రెండోది, కాలిక్యులేటర్ రేడియన్‌లో (కోణానికి ఇంకో కొలత) ఉండగా డిగ్రీలు కొట్టడం. అప్పుడు వచ్చే జవాబుకు తలా తోకా ఉండదు.

పటంచూపు:
ఇది స్కేలు పెట్టి గీసిన గీత దూరమా, లేక భూమి వంపు వెంట పోయే దూరమా? అమెరికా విమానాలు ఉత్తర ధ్రువం వైపు వంగి పోతాయి కదా, దుబాయ్‌కి కూడా అలాగే వంగుతుందా?

లెక్కలబడి:
వంపు వెంట దూరమే. కానీ ఈ రూట్‌లో వంగినా వంగకపోయినా పెద్ద తేడా రాదు. దిక్సూచి ఒకే దిక్కు చూపిస్తుండగా పటం మీద గీతలా పోతే 2,548 కి.మీ., వంపు వెంట పోతే 2,546. రెండు కిలోమీటర్లే. మనం భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం, దూరం కూడా తక్కువ. హైదరాబాద్ నుంచి అమెరికాకు గీస్తే తేడా వేల కిలోమీటర్లలో ఉంటుంది.

దారి చెప్పాలంటే, శంషాబాద్ నుంచి 294 డిగ్రీల దిక్కున (ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు కొలిస్తే), అంటే పడమటికి కాస్త ఉత్తరంగా బయల్దేరుతుంది. మహారాష్ట్ర దాటి, సౌరాష్ట్ర తీరానికి దక్షిణంగా అరేబియా సముద్రం మీదికి వెళ్తుంది. సరిగ్గా సగం దూరం 21.6° ఉత్తరం, 67.2° తూర్పు దగ్గర వస్తుంది, అంటే పోర్‌బందర్‌కు పడమట నడిసముద్రంలో. ఆ చివర ఫుజైరా దగ్గర తీరం తగిలి, హజర్ కొండలు దాటగానే దుబాయ్.

ఇది కొలత కోసం గీసిన గీత. విమానాలు నిర్ణీత వాయుమార్గాల్లో, పేర్లున్న బిందువుల మీదుగా పోవాలి. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తిరిగే మలుపులు వేరు. అసలు ఎగిరే దూరం 2,630 కి.మీ. అనుకుని లెక్క వేసుకోవచ్చు, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది.

పటంచూపు:
మరి పాకిస్తాన్ గగనతలం మూసేశారు కదా, ఈ రూట్‌కు దెబ్బ లేదా?

ఎగువగాలి:
2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానయాన సంస్థలకు తన గగనతలం మూసింది, ఏప్రిల్ 30న మనవాళ్లూ అదే పని చేశారు. దెబ్బ ఎక్కువగా తగిలింది ఢిల్లీ, అమృత్‌సర్ లాంటి ఊళ్లకు. ఢిల్లీ నుంచి దుబాయ్‌కి నేరుగా గీత గీస్తే సింధ్, బలూచిస్తాన్‌ల మీదుగా పోతుంది కాబట్టి మన సంస్థల విమానాలు దక్షిణంగా గుజరాత్ వైపు వచ్చి సముద్రం మీదుగా చుట్టు తిరగాలి. హైదరాబాద్ గీత కరాచీకి 300 కి.మీ. పైన దక్షిణంగా, నీళ్ల మీదే ఉంది. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా మూసినప్పుడు కూడా అంతే. కాకపోతే ఉత్తరాది విమానాలన్నీ అరేబియా సముద్రం మార్గాల్లోకి వస్తే అక్కడ రద్దీ పెరుగుతుంది, పైలట్ అడిగిన ఎత్తు దొరక్కపోవచ్చు.

సరే, గాలి లెక్కకొస్తాను. ఈ రూట్ టైమ్ అంతా గాలి చేతిలోనే ఉంది.

ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైన మాక్ 0.78 (ధ్వని వేగంలో 78 శాతం) దగ్గర ఎగురుతుంది. అక్కడి చలికి, మైనస్ 50 డిగ్రీల దగ్గర, అది దాదాపు 450 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), గంటకు 830 కి.మీ. పైన. ఇది గాలిలో వేగం. నేల మీద దాని నీడ పోయే వేగం వేరు. చలికాలంలో మన ఉత్తర భారతం మీద, 25–30 డిగ్రీల అక్షాంశాల దగ్గర, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా పారే గాలి) బలంగా వీస్తుంది. దాని దక్షిణ అంచు ఈ రూట్ మీద పడుతుంది, దుబాయ్ వైపు పోయేకొద్దీ ఇంకా బలంగా తగులుతుంది. దారి మొత్తానికి సగటున 50 నాట్లు ఎదురుగాలి అనుకుందాం.

ఎగిరే దూరం 1,420 నాటికల్ మైళ్లు.
పోయేటప్పుడు 450 – 50 = 400 నాట్లు. 1,420 ÷ 400 = 3 గంటల 33 నిమిషాలు.
వచ్చేటప్పుడు 450 + 50 = 500 నాట్లు. 1,420 ÷ 500 = 2 గంటల 50 నిమిషాలు.
ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి ఒక్కోవైపు పది నిమిషాలు. నేల మీద స్టాండ్‌కూ రన్‌వేకూ మధ్య విమానం కదలడానికి రెండు చోట్లా కలిపి 20 నిమిషాల పైన.
మొత్తం 4:05, 3:22. పై టికెట్ అంకెలు దాదాపు అవే.

పోయేటప్పుడు పోయిన టైమ్ వచ్చేటప్పుడు తిరిగి వచ్చేస్తుందని చాలామంది అంటారు. పూర్తిగా రాదు. గాలి లేకపోతే రానుపోను గాలిలో 6 గంటల 19 నిమిషాలు, గాలి ఉంటే 6 గంటల 23. ఎదురుగాలిలో నెమ్మదిగా పోతాం కాబట్టి ఆ గాలిలో ఉండే సేపు ఎక్కువ, తోడుగాలిలో ఉండే సేపు తక్కువ. ఆ నాలుగు నిమిషాలు నష్టం కిందే లెక్క. గాలి 100 నాట్లయితే ఈ నష్టం నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది.

జూన్‌మబ్బు:
ఎగువగాలి గారూ, వానాకాలంలో కూడా ఇదే గాలేనా? మా బంధువుల విమానం జులైలో పోయేటప్పుడు ముందే దిగేసింది, వచ్చేటప్పుడు మాత్రం లేటు.

ఎగువగాలి:
మంచి ప్రశ్న. వానాకాలంలో గాలి తిరగబడుతుంది. ఆ పడమటి జెట్ స్ట్రీమ్ హిమాలయాలు దాటి టిబెట్‌కు ఉత్తరంగా వెళ్లిపోతుంది. మన దక్షిణాది మీద తూర్పు జెట్ స్ట్రీమ్ ఏర్పడుతుంది. అది 14–16 కిలోమీటర్ల ఎత్తులో బలంగా ఉంటుంది, విమానాలు 10–12 కి.మీ.లో ఎగురుతాయి కాబట్టి పూర్తి జోరు తగలదు. అయినా 20–40 నాట్ల తూర్పుగాలి దొరుకుతుంది. అప్పుడు దుబాయ్ పోయేటప్పుడు అది తోడు, వచ్చేటప్పుడు అడ్డు. అందుకే చలికాలంలో 40 నిమిషాలుండే తేడా జులైలో దాదాపు మాసిపోతుంది, ఒక్కోరోజు తలకిందులవుతుంది కూడా.

సంస్థలు టైమ్ టేబుల్‌ను ఏడాదికి రెండుసార్లు మారుస్తాయి, మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి. అదే నంబర్ విమానానికి పాత టికెట్‌లో ఉన్న టైమ్ కొత్త టికెట్‌లో ఉంటుందని అనుకోవద్దు.

ఎత్తుల సంగతి కూడా చెప్తాను. పడమటికి పోయేవి సరి అంకెల ఎత్తుల్లో (32, 34, 36, 38 వేల అడుగులు), తూర్పుకు వచ్చేవి బేసి అంకెల్లో (33, 35, 37, 39 వేలు) ఎగురుతాయి. ఎదురెదురుగా వచ్చే విమానాల మధ్య వెయ్యి అడుగులు ఖాళీ ఉండాలని ఈ ఏర్పాటు. చలికాలంలో పోయేటప్పుడు గాలి జోరు తగ్గించుకోవడానికి కాస్త కిందే ఉండిపోతారు. కింద ఇంధనం ఎక్కువ తాగుతుంది, పైన గాలి ఎక్కువ కొడుతుంది, ఆ రెండిట్లో ఏది చవకో ప్లాన్ వేసేవాళ్లు ప్రతిరోజూ కొత్తగా లెక్క చూస్తారు.

రన్‌వే27:
టికెట్‌లో ఉండే టైమ్ తలుపులు మూసి విమానం స్టాండ్ (విమానం నిలిపే చోటు) నుంచి కదిలిన దగ్గర్నుంచి, అక్కడ స్టాండ్‌లో ఆగి చక్రాలకు చెక్కలు పెట్టేదాకా. దాన్నే బ్లాక్ టైమ్ అంటారు. గాలిలో ఉండే టైమ్ అందులో ఒక భాగమే. "కెప్టెన్ మూడు గంటల నలభై నిమిషాలన్నాడు, టికెట్‌లో నాలుగు పైన ఉంది" అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. కెప్టెన్ చెప్పేది గాలిలో టైమ్.

నేల మీద పోయే టైమ్ ప్రతిరోజూ ఒకేలా ఉండదు. శంషాబాద్‌లో రన్‌వేలు తూర్పు–పడమర. పెద్దది 4,260 మీటర్లు, రెండోది 3,707. నేల దగ్గర వీచే గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి వానాకాలంలో ఎక్కువగా పడమటి వైపు, అంటే రన్‌వే నంబర్ 27 వైపు ఎగురుతాయి. దుబాయ్ విమానానికి అదే కావాలి, లేచిన దిక్కునే పోతుంది. చలికాలంలో నేల దగ్గర తూర్పుగాలి ఉన్నప్పుడు తూర్పుకు, అంటే 09 వైపు లేచి, తిరిగి పడమటికి మళ్లాలి. నాలుగైదు నిమిషాలు అక్కడే పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు అదే 09 కలిసొస్తుంది, పడమటి నుంచి నేరుగా దిగిపోవచ్చు.

దుబాయ్‌లో రెండు రన్‌వేలు సమాంతరంగా ఉన్నాయి, రద్దీ వేళల్లో దిగడానికి వరస ఉంటుంది. గాలిలో పది పదిహేను నిమిషాలు చక్కర్లు కొట్టించడం అక్కడ మామూలే. సంస్థలకు ఇవన్నీ తెలుసు, అందుకే టైమ్ టేబుల్‌లో కొంత వదులు పెడతాయి. విమానం అరగంట లేటుగా లేచినా ఒక్కోసారి టైమ్‌కే దిగడానికి కారణం ఆ వదులే. దారిలో వేగం పెంచి సంపాదించేది చాలా తక్కువ. మాక్ 0.78ని 0.80 చేస్తే ఈ దూరానికి ఆరేడు నిమిషాలు మించి మిగలదు.

కొత్తప్రయాణం:
అయితే పెద్ద విమానం ఎక్కితే తొందరగా చేరతామా?

రన్‌వే27:
చేరతారు, కొంచెం. బోయింగ్ 777 మాక్ 0.84 దగ్గర ఎగురుతుంది, గంటకు దాదాపు 900 కి.మీ. పైన చెప్పిన ఎదురుగాలిలోనే లెక్క వేస్తే ఏ320 కంటే ఇరవై నిమిషాల దాకా తగ్గుతుంది. కానీ అన్ని సీట్లలోవాళ్లు దిగేసరికి, అన్ని బ్యాగులు బెల్టు మీదికి వచ్చేసరికి ఆ ఇరవై నిమిషాలూ అక్కడే ఖర్చయిపోతాయి.

ఇంధనం సంగతి అడగలేదు గానీ చెప్తాను, దారి మళ్లింపులు ఎందుకవుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ320 తరహా విమానం గంటకు రెండు టన్నుల పైచిలుకు కాలుస్తుంది. ప్రయాణానికి కావాల్సింది కాక, దాని మీద 5 శాతం అదనం, దిగలేకపోతే ఇంకో విమానాశ్రయానికి పోవడానికి కావాల్సింది, ఆపైన అరగంట ఎగరడానికి చాలినంత చివరి నిల్వ ఉండాలి. ఆ చివరి నిల్వను ముట్టుకునే పరిస్థితి రాకుండా పైలట్ ముందే మళ్లించేస్తాడు. దుబాయ్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున పొగమంచు పట్టినప్పుడు జరిగేది ఇదే. పొగమంచు తీరం వెంబడి ఒకేసారి పడుతుంది. దుబాయ్ మూస్తే షార్జా కూడా మూతపడొచ్చు, కాబట్టి మస్కట్ లాంటి దూరపు చోటుకు పోవడానికి కూడా ఇంధనం మోసుకెళ్తారు. మీ నాన్నగారి విమానం మధ్యాహ్నం దిగుతుంది కాబట్టి ఆ బెడద తక్కువ. తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ లేచి అక్కడ ఆరున్నరకు దిగేవాటికే ఎక్కువ.

డేరాదారి:
ఒక విషయం ఎవరూ చెప్పలేదు. టికెట్ మీద "దుబాయ్" అని చూసి ఆగిపోకండి, మూడక్షరాల కోడ్ చూడండి. డీఎక్స్‌బీ అంటే ఊళ్లో ఉన్న పాతది. డీడబ్ల్యూసీ అంటే జెబెల్ అలీ వైపున్న అల్ మక్తూమ్, అక్కడ 2013 అక్టోబర్ నుంచి ప్రయాణికుల విమానాలు దిగుతున్నాయి. హైదరాబాద్ నుంచి ఆకాశంలో లెక్క వేస్తే డీడబ్ల్యూసీ 2,555 కి.మీ., అంటే తొమ్మిది కిలోమీటర్లే ఎక్కువ. నేల మీద మాత్రం ఆ రెండింటి మధ్య దాదాపు గంట కారు ప్రయాణం, రద్దీలో ఇంకా ఎక్కువ. తీసుకెళ్లేవాళ్లు ఒకచోట, దిగినవాళ్లు ఇంకోచోట నిలబడితే ఆ రోజంతా ఫోన్ల మీదే పోతుంది.

షార్జా 2,534 కి.మీ., అబుదాబి 2,593. దుబాయ్‌లో డేరా, అల్ నహ్దా వైపు ఉండేవాళ్లకు షార్జాలో దిగినా దగ్గరే, సాయంత్రం ఆ రోడ్డు మీద ట్రాఫిక్ మాత్రం చూసుకోవాలి.

డీఎక్స్‌బీలో కూడా టెర్మినల్ చూడాలి. ఒకటో టెర్మినల్‌కూ, మూడో టెర్మినల్‌కూ మెట్రో రెడ్ లైన్ స్టేషన్లున్నాయి. రెండో టెర్మినల్ రన్‌వేలకు అవతలి పక్క ఉంది, దానికి మెట్రో లేదు, టాక్సీ గానీ బస్సు గానీ ఎక్కాలి. మెట్రో రాత్రంతా నడవదు, అర్ధరాత్రి దాటాక దిగేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

జగిత్యాల_కరీంనగర్:
రోడ్డు సంగతి నేను చెప్తా. జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని, శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి ఘట్‌కేసర్ వైపు నుంచి శంషాబాద్ దిగాలి. 240 కి.మీ. పైనే అవుతుంది. ఊళ్లో నుంచి పోతే దూరం తగ్గినట్టు కనబడుతుంది గానీ పొద్దున సికింద్రాబాద్‌లో ఇరుక్కుంటే అంతే సంగతులు. ఔటర్ మీదనే పోండి.

పది గంటల విమానానికి ఏడింటికల్లా ఎయిర్‌పోర్టు లోపలికి పోయే గేటు దగ్గర ఉండాలి. అంతర్జాతీయ విమానాల కౌంటర్ మామూలుగా గంట ముందు మూసేస్తారు, కొన్ని సంస్థలు ఇంకా ముందే మూస్తాయి, టికెట్‌లో రాసి ఉంటుంది. బ్యాగ్ ఇచ్చాక ఇమ్మిగ్రేషన్ క్యూ, తర్వాత సెక్యూరిటీ క్యూ. దారిలో ఐదు గంటలు, టైర్ పంక్చరైనా ఇబ్బంది లేకుండా ఇంకో అరగంట. రాత్రి ఒకటిన్నరకు ఇంటి దగ్గర బండి కదలాలి.

ఆయన పని మీద పోతుంటే, పాస్‌పోర్టు ఈసీఆర్ రకమైతే (పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం), ఆ అనుమతి, అంటే ఈ–మైగ్రేట్ క్లియరెన్స్ ముందే ఉండాలి. అది లేకపోతే ఇమ్మిగ్రేషన్ దగ్గరే ఆపేస్తారు.

ఎగువగాలి:
అర్ధరాత్రి విమానాల తేదీ గురించి కూడా ఒక మాట. తిరుగు టికెట్ దుబాయ్‌లో 14వ తేదీ రాత్రి 10:00 అయితే హైదరాబాద్‌లో దిగేది 15వ తేదీ 2:55. టికెట్‌లో టైమ్ పక్కన చిన్నగా +1 అని ఉంటుంది. తీసుకురావడానికి 14వ తేదీ రాత్రి పడుకోకుండా బయల్దేరాలి. జగిత్యాల నుంచైతే 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే. ఇంకా ఇబ్బంది పెట్టేది 00:30 విమానాలు. 15వ తేదీ 00:30 అని ఉంటే 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15వ తేదీ రాత్రికి పోతే విమానం వెళ్లిపోయి ఇరవై గంటలవుతుంది.

పటంచూపు:
ఫోన్‌లో విమానం ఎక్కడుందో చూపే యాప్‌లు నమ్మొచ్చా? సముద్రం మీదికి పోగానే గీత చుక్కలుగా మారుతుంది, ఒక్కోసారి విమానమే మాయమవుతుంది.

రన్‌వే27:
భయపడాల్సింది లేదు. విమానం తానెక్కడుందో రేడియోలో చెప్తూ పోతుంది, నేల మీదున్న రిసీవర్లు దాన్ని పట్టుకుంటాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఒక్కో రిసీవర్‌కు 400 కి.మీ. దాకానే అందుతుంది. సౌరాష్ట్ర తీరం దాటాక ఒమన్ తీరం రిసీవర్లకు అందేదాకా మధ్యలో ఖాళీ. ఆ చుక్కల గీత యాప్ వేసిన అంచనా. అవతల రిసీవర్ దొరకగానే విమానం ఒక్కసారి ముందుకో పక్కకో గెంతినట్టు కనబడుతుంది.

అందులో కనిపించే వేగం నేల వేగం. చలికాలంలో పోయేటప్పుడు 740 కి.మీ. దగ్గర, వచ్చేటప్పుడు 920 దగ్గర కనబడితే మామూలే. తీసుకురావడానికి పోయేవాళ్లు దిగే టైమ్ కోసం యాప్ అంచనాను విమానం ఒమన్ తీరానికి వచ్చాక, ఇటైతే మహారాష్ట్ర మీదికి వచ్చాక చూసుకోండి. అంతకుముందు అది చూపేది చాలావరకు టైమ్ టేబుల్ టైమే. దిగాక ఇమ్మిగ్రేషన్, బ్యాగులు కలిపి కనీసం 45 నిమిషాలు వేసుకోండి. తెల్లవారుజామున గల్ఫ్ విమానాలు వరసగా దిగినప్పుడు గంటన్నర కూడా పడుతుంది.